క్యాంపర్ వ్యాన్‌లో రాత్రిపూట ఆగిపోయే ఫ్రిజ్: నా అనుభవం

మా కుటుంబం ప్రయాణాలకు వాడే క్యాంపర్ వ్యాన్‌లో 12 వోల్టుల ఫ్రిజ్ ఉంది. సూర్యలంక తీరంలో బస చేసినప్పుడల్లా అర్ధరాత్రి దాటాక అది ఆగిపోయేది. అందులో మా అమ్మగారి ఇన్సులిన్ ఉంటుంది కనుక నాకు నిద్ర పట్టేది కాదు. బ్యాటరీ మార్చమని చాలామంది సలహా ఇచ్చారు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ గారు మాత్రం ముందుగా కంప్రెసర్ నడుస్తుండగా మల్టీమీటరుతో రెండు చోట్ల కొలిచారు. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర 11.3 వోల్టులు ఉన్నాయి. కరెంటు ప్రవహించనప్పుడు ఈ తేడా బయటపడదు కాబట్టి, ఫ్రిజ్ నడుస్తున్నప్పుడే కొలవడం చాలా ముఖ్యం. వ్యాన్ వెనుక వరకు లాగిన వైరు సన్నగా, 1.5 చదరపు మిల్లీమీటర్లదే; అందుకే దారిలోనే వోల్టేజి తగ్గిపోతోంది. పైగా ఛాసిస్‌కు, అంటే వ్యాన్ ఇనుప చట్రానికి, కలిపే ఎర్తు బోల్టు కింద పెయింటు గీకకుండానే బిగించారు, దాని రాగి లగ్గు (వైరు చివర బిగించే బిళ్ళ) చిలుము పట్టి పచ్చబడింది. రాత్రి బ్యాటరీ కొంచెం తగ్గగానే, ఫ్రిజ్‌కు అందే వోల్టేజి దాని రక్షణ హద్దు (అంతకంటే తగ్గితే ఫ్రిజ్ తనంతట తానే ఆగిపోయే వోల్టేజి) కంటే కిందికి పడిపోతోంది.

ఆయన 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేసి, ఛాసిస్‌ను ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త లగ్గు బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూశారు. ఫ్యూజు తప్పనిసరిగా బ్యాటరీకి దగ్గరగానే ఉండాలి, ఎందుకంటే దారిలో వైరు ఒరుసుకుపోయి ఛాసిస్‌కు తగిలితే, ఫ్రిజ్ దగ్గర పెట్టిన ఫ్యూజు మంటను ఆపలేదు. ఇప్పుడు తేడా 0.2 వోల్టులే. పాత బ్యాటరీతోనే ఫ్రిజ్ తెల్లవార్లూ నడుస్తోంది.