రిఫరెన్సుల పని ఆఖరి రాత్రికి పెట్టుకోకండి

అసైన్‌మెంట్ అయినా థీసిస్ అయినా, చాలామంది రాయడమంతా అయిపోయాక రిఫరెన్సుల లిస్టు మొదలుపెడతారు. అప్పటికి ఆ మాట ఏ పేపర్లో చదివారో, ఏ పేజీలో ఉందో గుర్తుండదు, ట్యాబుల మీద ట్యాబులు తెరిచి వెతుక్కుంటూ కూర్చునేసరికి తెల్లారిపోతుంది. చదివిన వెంటనే సేవ్ చేసుకునే అలవాటు ఉంటే ఈ టెన్షన్ మొత్తం పోతుంది. పైగా దానికి కావలసినవి ఎక్కువ భాగం ఉచితంగానే దొరుకుతున్నాయి.

ముందు వెతకడం. గూగుల్ స్కాలర్‌లో పెద్ద పెద్ద ప్రశ్నలు టైప్ చేయొద్దు. మీ టాపిక్‌లో వాడే అసలు పదాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టి వెతకండి, రచయిత తెలిస్తే ఇంగ్లిష్‌లో ఆథర్ అని కొట్టి, ఖాళీ వదలకుండా కోలన్, వెంటనే ఇంటిపేరు ఇవ్వండి. ఒక్క మంచి పేపర్ దొరికితే సగం పని అయినట్టే, ఎందుకంటే దాని చివర ఉన్న రిఫరెన్సులు పట్టుకుంటే అంతకుముందు ఏం జరిగిందో తెలుస్తుంది, దాని కింద కనిపించే ‘సైటెడ్ బై’ నొక్కితే ఆ తర్వాత దాని మీద ఎవరేం రాశారో తెలుస్తుంది. పేపర్లు వెతుక్కోవడానికి వైద్యం వాళ్లకు పబ్‌మెడ్, ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఆర్కైవ్ (arXiv) అనే సైట్లు ఎలాగూ ఉన్నాయి, కాకపోతే ఆర్కైవ్‌లో పెట్టినంత మాత్రాన దాన్ని తోటి నిపుణులు పరిశీలించినట్టు కాదు.

పేపర్ తెరవబోతే డబ్బు కట్టమంటోందా? ‘ఆల్ వెర్షన్స్’ నొక్కి చూడండి, రచయిత తన పేజీలో పెట్టిన కాపీ చాలాసార్లు అక్కడే ఉంటుంది. అన్‌పేవాల్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ కూడా చట్టబద్ధంగా ఉచితంగా ఉన్న కాపీలనే చూపిస్తుంది. అదీ కాకపోతే మీ కాలేజీ లైబ్రరీ లాగిన్ వాడి చూడండి.

ఇక అసలు సంగతి జొటేరో, అంటే చదివిన రిఫరెన్సులన్నీ సేవ్ చేసి, లిస్టు తయారు చేసిపెట్టే ప్రోగ్రామ్. 2006లో వచ్చింది, ఉచితం, ఓపెన్ సోర్స్. మెండలే కూడా ఇలాంటిదే, 2013 నుంచి జర్నల్స్ ప్రచురించే ఎల్సెవియర్ కంపెనీ చేతిలో ఉంది. నన్నడిగితే జొటేరోనే చెప్తాను, మీరు సేవ్ చేసినవన్నీ మీ కంప్యూటర్లోనే ఉంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేరేచోటికి తీసుకుపోవచ్చు. ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకోవడానికి ఉచితంగా ఇచ్చేది 300 ఎంబీనే, పీడీఎఫ్‌లు పెరిగితే అది చాలదు, కానీ రిఫరెన్సుల వివరాల సింక్‌కు ఆ పరిమితి లేదు. ప్రోగ్రామ్‌తో పాటు బ్రౌజర్ కనెక్టర్ కూడా వేసుకోండి. పేపర్ పేజీ తెరిచి ఐకాన్ నొక్కితే చాలు, పేరు, సంవత్సరం, జర్నల్, డీఓఐ (ఒక్కో పేపర్‌కి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు కోడ్) అన్నీ వచ్చి చేరతాయి. చేతిలో పుస్తకం ఉంటే దాని మీదుండే ఐఎస్‌బీఎన్ నంబర్ ఇచ్చినా సరిపోతుంది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ఆగకూడదు. వచ్చిన వివరాలు అప్పుడే ఒకసారి చూడాలి. ఉదాహరణకు వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్ రిపోర్ట్ సేవ్ చేశారనుకోండి. ఒక్కోసారి ఆ పేరు మనిషి పేరులా రెండు ముక్కలై కూర్చుంటుంది, ఏపీఏ (రిఫరెన్సులు రాసే పద్ధతుల్లో ఒకటి) స్టైల్‌లో లిస్టు తీస్తే ‘ఆర్గనైజేషన్, డబ్ల్యూ. హెచ్.’ అని వస్తుంది! పేరు పక్కనున్న చిన్న బటన్ నొక్కి రెండు గడుల్ని ఒకటి చేస్తే సరిపోయేదానికి, చూసుకోకపోతే గైడ్ ముందు పరువు పోతుంది. టైటిల్‌లో పెద్దక్షరాలు కూడా చూసుకోండి, ఏపీఏకి మొదటి పదం, పేర్లలాంటివి తప్ప మిగతావి చిన్నక్షరాల్లో ఉండాలి.

వర్డ్‌లో రాసేటప్పుడు జొటేరో ట్యాబ్ నుంచే సైటేషన్ (ఆ మాట ఎక్కడిదో చెప్పే గుర్తు) పెట్టండి, పేజీ నంబర్ కూడా అప్పుడే ఇచ్చేయండి. ఏపీఏ కాదు, చికాగో కావాలన్నారా, సెట్టింగ్‌లో స్టైల్ మార్చితే డాక్యుమెంట్ అంతా మారిపోతుంది. తప్పు కనిపిస్తే మాత్రం వర్డ్‌లో చేత్తో దిద్దకండి, జొటేరోలో దిద్ది రిఫ్రెష్ కొట్టండి.

ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్స్‌ని చూడకుండా అస్సలు పెట్టొద్దు. లేని పేపర్‌కి కూడా నమ్మేలా పేరు, సంవత్సరం, డీఓఐ అల్లేయగలదు. ఆ డీఓఐని డీఓఐ డాట్ ఆర్గ్‌లో వేసి చూడండి, తెరుచుకుంటే సరిపోదు, అదే టైటిల్, అదే రచయితలు ఉన్నారో లేదో చూడాలి, ఆ మాట అందులో నిజంగా ఉందో లేదో చదవాలి. మీరు చదవనిది మీ లిస్టులో ఉండకూడదు. ప్రచురించాక జర్నల్ వెనక్కి తీసుకున్న పేపర్లను జొటేరో ఎర్రగా చూపించి హెచ్చరిస్తుంది, దాన్ని కొట్టిపారేయకండి.

వెబ్ పేజీలు ఎప్పుడైనా మాయమవుతాయి కాబట్టి పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో ‘సేవ్ పేజ్ నౌ’ కొట్టి ఆ లింక్ దాచుకోండి. చివరగా, సబ్మిట్ చేసేముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి, ఆ కాపీలో మాత్రమే ‘అన్‌లింక్ సైటేషన్స్’ నొక్కండి, సైటేషన్లకు జొటేరోతో లింక్ తెగి మామూలు అక్షరాలైపోతాయి. అసలు ఫైల్ అలాగే ఉంచండి, గైడ్ మార్పులు చెప్తే మళ్లీ దాంట్లోనే చేయాలి.