చదివింది వారం తర్వాత కూడా గుర్తుండాలంటే

పాఠాన్ని పదే పదే చదివితే వచ్చేసినట్టే అనిపిస్తుంది గానీ, అది చాలావరకు కళ్లకు అలవాటైన వాక్యాలు కలిగించే భ్రమ. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక వ్యాసభాగాన్ని రెండుసార్లు చదివిన విద్యార్థులు అయిదు నిమిషాల తర్వాత కాస్త ముందున్నా, వారం గడిచేసరికి వారికి సుమారు 42 శాతమే గుర్తుంది. రెండోసారి చదవడానికి బదులు గుర్తున్నది రాసినవారు మాత్రం 56 శాతం చెప్పగలిగారు.

కాబట్టి పాఠం ఒకసారి శ్రద్ధగా చదివి పుస్తకం మూసేయండి. మూత్రపిండాల పాఠమే అనుకుంటే, తెల్లకాగితం మీద నెఫ్రాన్ (మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే సూక్ష్మ భాగం) బొమ్మను చూడకుండా గీసి, రక్తం ఎటునుంచి వస్తుందో, వడపోత ఎక్కడ జరుగుతుందో, ఏవి తిరిగి రక్తంలోకి చేరతాయో మీ సొంత మాటల్లో రాయండి. పెన్ను ఆగిన చోట వెంటనే పుస్తకం తెరవకుండా రెండు నిమిషాలు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించండి. ఆ తర్వాతే తెరిచి, వదిలేసినవాటినీ తప్పుగా రాసినవాటినీ ఎర్ర సిరాతో దిద్దుకోండి. చాలామంది బద్ధకించేది ఇక్కడే. దిద్దుకోకపోతే తప్పే మనసులో స్థిరపడే ప్రమాదం ఉంది.

మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు మరోసారి, కొత్త కాగితం మీద ఇదే పని చేయండి. పరీక్ష ఎంత దూరంలో ఉంటే మధ్యలో ఎడాన్ని అంత పెంచుకోవచ్చు. పరీక్ష పది నిమిషాల్లో ఉందంటే మాత్రం, నిస్సంకోచంగా మళ్లీ చదువుకోండి.

ఇక హైలైటర్ సంగతి: 2013లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డన్‌లాస్కీ బృందం పది అధ్యయన పద్ధతులను సమీక్షించి, వాక్యాలకు రంగు పూయడాన్ని, వాటి కింద గీతలు గీయడాన్ని తక్కువ ప్రయోజనమున్న వాటిలో చేర్చింది.