క్యాన్సర్ గడ్డ మీద కీమో ఎలా పనిచేస్తుందో ఎక్సెల్‌లో వేసి చూద్దాం

ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ తెరవండి, పైథాన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. విశాఖ మద్దిలపాలెంలో మా ట్యూషన్‌కి వచ్చే బీఫార్మసీ పిల్లలు ‘డిఫరెన్షియల్ ఈక్వేషన్లు మావల్ల కాదు మాస్టారూ’ అని ముందే చేతులెత్తేస్తారు గానీ, చక్రవడ్డీ లెక్క వస్తే చాలు, మిగతా కష్టమంతా షీటే పడుతుంది. ఒక్క మాట. ఇక్కడ గడి అంటే ఎక్సెల్ గడి, కణం అంటే క్యాన్సర్ కణం. రెండింటినీ సెల్ అంటూ పోతే మధ్యలో మనకే తికమక.

మొదటి నిలువు వరుసలో రోజులు, 0 నుంచి 700 దాకా. రెండో వరుసలో కణాల సంఖ్య, మొదటి గడిలో వంద కోట్లు. ఒక సెంటీమీటరు వ్యాసం, సుమారు గ్రాము బరువున్న గడ్డలో అటూ ఇటూగా అన్ని కణాలుంటాయని ఈ రంగంలో అందరూ వాడే లెక్క. అది ఎంత వేగంగా పెరుగుతుందో తెలియాలంటే రెండు స్కాన్ల కొలతలు కావాలి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. గడ్డ 1 సెం.మీ. నుంచి 2 సెం.మీ. అయితే రెట్టింపైందనుకుంటారు. వ్యాసం రెట్టింపైతే ఘనపరిమాణం 8 రెట్లవుతుంది, అంటే మూడుసార్లు రెట్టింపైనట్టు. దానికి 90 రోజులు పట్టిందనుకుందాం, అప్పుడు రెట్టింపు కాలం 30 రోజులు. పై గడిని 1.0234తో గుణించే ఫార్ములా రాసి కింది దాకా లాగేయండి.

ఇక మందు. ఒక డోసు ఇన్ని కణాలని లెక్కపెట్టి చంపదు, ఉన్నవాటిలో ఇంత శాతం అని చంపుతుంది. 1960ల్లో ఎలుకల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) మీద పనిచేసిన హోవర్డ్ స్కిప్పర్ బృందం తేల్చిన విషయం ఇది. జగదాంబ సెంటర్‌లో చీర మీద 90 శాతం తగ్గింపు లాంటిదే, ధర ఎంతైనా పదో వంతు మిగులుతుంది, మళ్లీ మళ్లీ తగ్గించినా సున్నా మాత్రం రాదు. కాబట్టి 0, 21, 42, 63, 84, 105 రోజుల గడుల్లో అదనంగా 0.1తో గుణించండి. ఆరు డోసులు. (ఈ 90 శాతం, 30 రోజులు నేను అనుకున్న అంకెలే, ఫలానా మందువి కావు.)

గ్రాఫ్ గీస్తే రెండో డోసుకే గీత నేలకి అంటుకుపోతుంది, జబ్బు పోయిందనిపిస్తుంది. నిలువు అక్షాన్ని లాగ్ స్కేల్‌కి, అంటే ఒక్కో మెట్టుకి పది రెట్లయ్యే కొలతకి, మార్చండి. రంపం పళ్లలా దిగుతున్న గీత కనిపిస్తుంది, ఆరో డోసు అయ్యాక కూడా దాదాపు 11,300 కణాలు మిగిలి ఉంటాయి. అక్కడితో మందు ఆపేస్తే 493 రోజులకి మళ్లీ వంద కోట్లు. స్కాన్‌లో ఏమీ కనిపించకపోవడానికీ, ఏమీ లేకపోవడానికీ మధ్య దూరం ఎంతో ఈ ఒక్క గ్రాఫ్‌లో తెలిసినంత బాగా నాకు ఏ పుస్తకంలోనూ తెలియలేదు.

ఐతే నిజం గడ్డ ఎప్పుడూ ఒకే వేగంతో పెరగదు. మన ఊరే చూడండి, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు, ఖాళీ ఉన్నన్నాళ్లు ఇళ్లు చకచకా లేచాయి, తర్వాత నెమ్మదించాయి. దీనికి వాడే గాంపెర్ట్జ్ సూత్రం 1825లో మరణాల లెక్కల కోసం పుట్టింది, 1964లో అన్నా లెయిర్డ్ దాన్ని గడ్డలకి అన్వయించారు. ఫార్ములా ఇలా మార్చండి: గడ్డ చేరగల గరిష్ఠం లక్ష కోట్లు అనుకుని, దాన్ని ఇవాళ్టి సంఖ్యతో భాగించి, సహజ లాగ్ తీసి, 0.00334తో గుణిస్తే ఆ రోజు పెరుగుదల రేటు వస్తుంది, దానికి 1 కలిపి 1.0234 బదులు వాడండి. వంద కోట్ల దగ్గర రెట్టింపు కాలం అదే 30 రోజులు. కానీ 11 వేల కణాలున్నప్పుడు? పదకొండు రోజులే! చిన్నదైన కొద్దీ గడ్డ తొందరగా కోలుకుంటుంది, అందుకే డోసుల మధ్య ఎడం అంత ముఖ్యం. ఈ షీట్‌లో 21 రోజులకొకటి చొప్పున ఆరు డోసులిస్తే దాదాపు 60 వేల కణాలు మిగులుతాయి, 14 రోజులకొకటిస్తే 18 వేలు.

మందు ఒక్క క్షణంలో చంపేసి మాయమవుతుందన్నది కూడా మనం అనుకున్నదే. ఇంకా దగ్గరగా వెళ్లాలంటే ఒంట్లో మందు మోతాదుకి వేరే వరుస పెట్టి, అర్ధాయువు (మందు సగానికి తగ్గే కాలం) ప్రకారం తగ్గించుకుంటూ రావాలి. క్యాన్సర్ మందుల్లో ఫైవ్ ఫ్లోరోయురాసిల్ అర్ధాయువు పది ఇరవై నిమిషాలు, ఇమాటినిబ్‌ది దాదాపు 18 గంటలు, కాబట్టి రోజుల వరుస సరిపోదు, గంటలో నిమిషాలో పెట్టుకోవాలి. నేను మొదటిసారి చేసినప్పుడు అర్ధాయువు 6 అని వేశాను, గడ్డ రెండు వారాల్లో తుడిచిపెట్టుకుపోయింది, నాకేమో కాలు నేల మీద నిలవలేదు. సాయంత్రం ఒక పాత స్టూడెంట్‌కి చూపిస్తే స్క్రీన్ వైపు రెండు నిమిషాలు చూసి, ‘ఇదేటి మాస్టారూ, ఈ 6 గంటలా రోజులా?’ అంది. గంటలు. నా షీట్ రోజులు అనుకుంది. అప్పట్నుంచి ప్రతి వరుస నెత్తిన యూనిట్ రాయందే ఫార్ములా రాయను.

ఇప్పుడు మొదటి షీట్‌కే వచ్చి ఇంకో వరుస చేర్చండి, మందుకి లొంగని కణాలు. పది లక్షల్లో ఒకటి అనుకుంటే మొదటి రోజే అలాంటివి 1,000 ఉంటాయి. వీటిని 0.1తో గుణించకండి, పెరగనివ్వండి. 105వ రోజుకి అవి దాదాపు 11,300, లొంగే కణాలూ దాదాపు 11,300! ఆరు డోసులు కలిసి లొంగేవాటిని పది లక్షల వంతుకి దించాయి, మొండివి మొదటే పది లక్షల వంతున్నాయి, అందుకే సరిసమానం. ఏడో డోసిచ్చినా సగం మీద పనిచేయదు. మందు వల్లే కణాలు మొండిబారాయని అనుకుంటారు గానీ, ముందే ఉన్నవి మిగలడం కూడా ఇలా జరుగుతుంది. గోల్డీ, కోల్డ్‌మన్ అనే పరిశోధకులు 1979లో చెప్పింది ఇదే.

ఆఖరుగా, ఈ షీట్‌ని నమ్మి ఇంట్లోవాళ్ల కీమో గురించి డాక్టర్‌తో వాదనకి దిగొద్దు. ఎడాన్ని ఏడు రోజులు చేసి చూడండి, ఇంకా బాగుందంటుంది, రోజూ ఇమ్మన్నా సై అంటుంది, ఎందుకంటే ఇందులో గడ్డ ఉంది గానీ మనిషి లేడు. కీమో తెల్ల రక్తకణాల్నీ దెబ్బతీస్తుంది, చాలా మందులకి అవి వారం నుంచి రెండు వారాల మధ్య అట్టడుగుకి పడి, మూడు వారాలకి తేరుకుంటాయి. 21 రోజుల లెక్క చాలావరకు అక్కణ్ణుంచి వచ్చిందే. రొమ్ము క్యాన్సర్‌లో 14 రోజుల పద్ధతి నిలబడిందంటే తెల్లకణాల్ని పెంచే ఇంజెక్షన్ తోడవడం వల్ల. కాబట్టి తెల్లకణాలకీ ఒక వరుస పెట్టండి, అది ఒక హద్దు కంటే కిందికి పోతే ఆ రోజు డోసు గడిలో 0.1 బదులు 1 పడేలా ఇఫ్ ఫార్ములా రాయండి, అప్పుడు మళ్లీ గ్రాఫ్ గీయండి.