అమెరికాలో కుక్కను పెంచుకుంటున్నారా? మన వంటలతో జాగ్రత్త

ఇక్కడ షెల్టర్ నుంచి కుక్కను తెచ్చుకుంటే, చాక్లెట్ పెట్టొద్దు, ద్రాక్ష పెట్టొద్దు అని వాళ్ళే చెప్పి పంపుతారు. మన పప్పు, చారు, పులిహోర సంగతి వాళ్ళకు తెలియదు, మనమే తెలుసుకోవాలి.

అన్నిటికంటే ముందు ఉల్లి, వెల్లుల్లి. ఇవి కుక్క ఒంట్లో ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. ఉడికించినా వేయించినా ఆ గుణం పోదు. పొడి చేస్తే ఇంకా ఘాటు. తాలింపులోని వెల్లుల్లి రెబ్బలు ఏరేసి పప్పన్నం పెట్టేవాళ్ళున్నారు. అప్పటికే సారమంతా పప్పులోకి దిగిపోయి ఉంటుంది. పైగా తిన్నరోజు కుక్క హుషారుగానే ఉండొచ్చు. కొన్ని రోజులు పోయాక నీరసపడుతుంది, చిగుళ్ళు పాలిపోతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది.

ద్రాక్షతో కిడ్నీలు పోవచ్చు. ఎన్ని తింటే ప్రమాదమో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. పాయసంలో, కేసరిలో పడే కిస్‌మిస్ కూడా ద్రాక్షే కదా! చింతపండు మాట చాలామందికి తెలియదు. ద్రాక్షలో అసలు దోషి టార్టారిక్ ఆమ్లమై ఉండొచ్చని 2021లో ఏఎస్‌పీసీఏ అనే అమెరికా జంతు సంరక్షణ సంస్థ పశువైద్యులు రాశారు. చింతపండులో అది దండిగా ఉంటుంది. చారన్నం, సాంబారన్నం, పులిహోర ఏవీ వద్దు.

ఇక షుగర్ ఫ్రీ సరుకులు. వీటిలో కొన్నిటిలో తీపి కోసం చక్కెర బదులు జైలిటాల్ కలుపుతారు. చూయింగ్ గమ్, టూత్‌పేస్ట్, కొన్ని పీనట్ బటర్లు చూడండి. లేబుల్ మీద 'బర్చ్ షుగర్' అని ఉన్నా అదే. కుక్క తింటే అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోవచ్చు, లివర్ కూడా దెబ్బతినొచ్చు. చూయింగ్ గమ్ ఉన్న హ్యాండ్‌బ్యాగ్ నేలమీద పెట్టే అలవాటుంటే మానుకోండి.

డార్క్ చాక్లెట్, కోకో పొడి, మెకడేమియా గింజలు, మద్యం ఎలాగూ వద్దు. కోడికూర తిన్నాక ఎముకలు వేయడం మనకు అలవాటే గానీ, ఉడికిన ఎముక ముక్కలై గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటుంది. నెయ్యి, వేపుళ్ళ నూనె ఎక్కువైతే పాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాయొచ్చు.

మరేం పెట్టొచ్చు? ఉప్పుకారాలు లేకుండా ఉడికించిన చికెన్, గుడ్డు, తెల్లన్నం, క్యారెట్, బీన్స్, గుమ్మడికాయ. గింజలు తీసిన ఆపిల్, పుచ్చకాయ. తాలింపు వేయని పెరుగన్నం ఒకట్రెండు చెంచాలు, అదీ పాలపదార్థాలు పడే కుక్కకైతేనే. ఇవన్నీ కలిపినా రోజు తిండిలో పదోవంతు దాటకూడదు.

అమ్మానాన్నలు వచ్చారంటే ఈ నియమాలన్నీ అటకెక్కుతాయి. 'మన ఊళ్ళో కుక్కలు ఏం పెట్టినా తింటాయిరా' అంటారు. తింటాయి నిజమే, తిన్నాక వాటికి ఏమైందో ఎవరు చూశారు? వాదించి గెలవలేరు. కుక్కకు పెట్టదగ్గవి ఒక డబ్బాలో వేసి, 'దీంట్లోంచే పెట్టు అమ్మా' అనండి. వాళ్ళ ముచ్చటా తీరుతుంది.

తినకూడనిది తినేసిందనుకోండి, లక్షణాలు కనబడేదాకా ఆగొద్దు. ఏఎస్‌పీసీఏ విషచికిత్స కేంద్రం 888-426-4435లో రాత్రీపగలూ పలుకుతుంది, ఫీజు ఉండొచ్చు. కుక్క బరువెంతో, ఏం తిందో, ఎప్పుడు తిందో అడుగుతారు, రేపర్ పారేయకండి. మామూలు క్లినిక్‌లు చాలావరకు సాయంత్రానికి మూసేస్తారు కాబట్టి, దగ్గర్లో ఎమర్జెన్సీ పశువుల ఆసుపత్రి ఎక్కడుందో ముందే చూసిపెట్టుకోండి. ఉప్పునీళ్ళు పట్టించి కక్కించాలని మాత్రం చూడకండి, ఆ ఉప్పే దాని ప్రాణం మీదికి తెస్తుంది.