స్ప్రింగులు మార్చాక కారు ఇంకా చెడిందా? సమస్య - పరిష్కారం

స్పోర్ట్స్ కారుకి గట్టి స్ప్రింగులు, లావుపాటి స్టెబిలైజర్ బార్ (మలుపులో ఒరుగుడు తగ్గించే కడ్డీ), బానెట్ కింద మెరిసే స్ట్రట్ బార్ (ముందు సస్పెన్షన్ రెండు వైపుల్నీ పైన కలిపే కడ్డీ) అన్నీ వేయించాక "ఇంతకుముందే నయం" అనిపిస్తోందా? కొన్న పార్టు పనికిరానిదై ఉండడం తక్కువ. ఒకటి మార్చి దానికి జతగా మారాల్సిందాన్ని వదిలేసి ఉంటారు. ఇంకేదైనా కొనేముందు టైర్లలో గాలి, చక్రాల్ని పట్టుకునే ఆర్ముల కొసల్లోని రబ్బరు బుష్‌లు చూసుకోండి. పగిలిన బుష్ మీద ఏ సెట్టింగూ నిలవదు.

చిన్న గతుక్కే ధడేల్‌మంటోంది

నింద స్ప్రింగు మీద పడుతుంది గానీ, చాలాసార్లు కొడుతున్నది బంప్ స్టాప్, అంటే చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ. కారు ఎత్తు 40 మి.మీ. తగ్గించారంటే, చక్రం పైకి కదలడానికి ఉన్న జాగాలోంచి ఆ 40 తీసేసినట్టే. తేల్చుకోవడం తేలిక: డంపర్ (షాక్ అబ్జార్బర్) రాడ్‌కి సన్నటి ప్లాస్టిక్ టై బిగించి, కిందికి డంపర్ ఒంటిదాకా నెట్టి, రోజూ తిరిగే దారిలో ఓసారి తిరిగి రండి. టై పైకి జరిగి బంప్ స్టాప్‌ని ముట్టుకుని ఉంటే దొంగ దొరికినట్టే. ఎత్తు 10-15 మి.మీ. పెంచి మళ్లీ చూడండి. చాలకపోతే, తగ్గించిన ఎత్తుకోసం చేసిన పొట్టి డంపర్లు వేయాలి. బంప్ స్టాప్ కోసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. తయారీదారు చెప్పనిదే ఆ పని చేయకండి.

గతుకు దాటాక కూడా రెండు మూడుసార్లు ఊగుతోంది

కొత్త స్ప్రింగులకి పాత డంపర్లు. గట్టి స్ప్రింగు తిరిగి సాగే జోరుని అవి పట్టుకోలేవు. స్ప్రింగులూ డంపర్లూ ఒకే సెట్‌గా తీసుకోవడమే దారి.

ఎత్తు తగ్గించాక మలుపులో ఇంకా ఎక్కువ ఒరుగుతోంది

వినడానికి వింతే గానీ నిజం. మెక్‌ఫెర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ డంపరూ ఒకే నిలువు కడ్డీలా ఉండే ఏర్పాటు) ఉన్న కార్లలో ఎత్తు బాగా తగ్గిస్తే లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేచిపోతుంది. అప్పుడు రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది), బరువు కేంద్రం కంటే ఎక్కువ కిందికి జారుతుంది. ఆ రెంటి మధ్య దూరం పెరిగితే కారుని ఒరగదీసే బలమూ పెరుగుతుంది. దానికి తోడు టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) కోణం మారి, గతుకు ఎక్కినప్పుడల్లా స్టీరింగ్ తనంతట తానే అటూ ఇటూ లాగుతుంది. ఆర్మ్ సమంగా ఉండే ఎత్తుకి కారుని మళ్లీ లేపండి. కిందే ఉండాలంటే పొడుగు బాల్ జాయింట్లు (ఆర్మ్ బయటి కొసనుండే గుండ్రటి కీళ్లు), వాటికి తగ్గ టై రాడ్ ఎండ్లు కావాలి.

స్టీరింగ్ తిప్పినా ముందు భాగం తిన్నగా పోతోంది

ముందు చక్రాల స్టెబిలైజర్ బార్ ఎంత లావుదో అడగండి. గట్టిదనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 22 మి.మీ. బోలు లేని కడ్డీ తీసి 24 వేస్తే రెండే మిల్లీమీటర్లు, గట్టిదనం మాత్రం 40 శాతం పైనే. ముందు వైపు పాత బార్ మళ్లీ పెట్టండి, లేదా వెనక బార్‌ని ఒక మెట్టు గట్టి చేయండి. ఒక్క మెట్టే. వెనక అతిగా గట్టిపడితే తడి రోడ్డు మీద తోక విసురుతుంది.

టక్ టక్ చప్పుడు, కారు ఒకవైపు ఎత్తు

ఈ తప్పు నేను చేసిందే. చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఆర్మ్ బోల్టులన్నీ పూర్తిగా బిగించేశాను. రబ్బరు బుష్ లోపలి గొట్టం బోల్టుతో బిగుసుకుపోయి ఉంటుంది, రబ్బరే మెలి తిరుగుతుంది. కారు దించగానే అన్ని బుష్‌లూ మెలిపడి ఉండిపోయాయి, ఒక మూల అర అంగుళం ఎత్తు నిలిచింది, కొన్ని నెలలకే రబ్బరు చిరిగింది. బోల్టులు వదులుగా పెట్టి, చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి. కిందికి దూరేముందు స్టాండ్లు పెట్టండి, జాకీని నమ్మొద్దు. చప్పుడు అప్పటికీ పోకపోతే స్టెబిలైజర్ బార్‌ని సస్పెన్షన్‌కి కలిపే లింక్ రాడ్ల జాయింట్లు ఊపి చూడండి.

గతుకుల్లో డ్యాష్‌బోర్డు వణుకు, తలుపుల కిర్రు

ఇది ఛాసిస్ మెలిక. ఒక మూల జాకీతో లేపి తలుపు తీసి వేయండి. తలుపు చుట్టూ సందు మారినా, గొళ్లెం పట్టేసినా బాడీ తిరుగుతున్నట్టే. టాప్ లేని కార్లలో ఇది ఎక్కువ. అక్కడ బానెట్ కింది బార్ కంటే రెండు సిల్లులనీ (తలుపుల కింది పొడుగు దూలాలు) కలుపుతూ కారు అడుగున బిగించే బ్రేసులు (ఊత కడ్డీలు) బాగా పనిచేస్తాయి. కీలున్న కొసలతో వచ్చే బార్లు అంతగా పట్టివ్వవు. ముందుగా, సిల్లులు తుప్పు పట్టాయేమో పొడిచి చూడండి. తుప్పుకి బ్రేసు మందు కాదు, వెల్డింగే. బ్రేసు కూడా కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగానే బిగించాలి, లేదంటే జాకీ మీది మెలిక అలాగే బందీ అయిపోతుంది.

టైరు లోపలి అంచు అరిగిపోతోంది

క్యాంబర్‌ని (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం) తిడతారు గానీ, అంత వేగంగా తినేది ఎక్కువగా టో (పైనుంచి చూస్తే చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండడం) తేడానే. ఎత్తు మారిన ప్రతిసారీ అలైన్‌మెంట్ చేయించాలి, అదీ డ్రైవర్ సీట్లో మీ బరువంత ఇసుక సంచి పెట్టి, ట్యాంకు సగం నింపి.