అమెరికాలో స్వతంత్ర కాంట్రాక్టర్ల పన్ను పత్రాలు: దాఖలు విధానం

అమెరికాలో ఉద్యోగి జీతం నుంచి పన్నును యజమాని ముందే మినహాయిస్తాడు. స్వతంత్ర కాంట్రాక్టరుకు మాత్రం చేసిన పనికి సొమ్మంతా చేతికి వస్తుంది కాబట్టి, అందులో ప్రభుత్వానికి చెందవలసిన భాగాన్ని లెక్కగట్టి వేళకు చెల్లించే బాధ్యత కూడా ఆ వ్యక్తిదే.

పని అప్పగించిన సంస్థ సాధారణంగా మొదటి చెల్లింపుకు ముందే, పేరు, పన్ను గుర్తింపు సంఖ్య తెలిపే ఫారం డబ్ల్యూ-9 అడుగుతుంది. దీనిని నింపి, సంతకం చేసి ఆ సంస్థకే ఇవ్వాలి, అమెరికా పన్నుల శాఖ అయిన ఐఆర్ఎస్‌కు పంపనక్కరలేదు. మొదటి వరుసలో పన్ను రిటర్నులో ఉన్న పేరే రాయాలి. ఇంటిపేరు ఒక పత్రంలో ముందు, మరొక పత్రంలో చివర ఉండే మన తెలుగువారు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి: సోషల్ సెక్యూరిటీ కార్డు మీద పేరు ఎలా ఉందో రిటర్నులోనూ, డబ్ల్యూ-9లోనూ అలాగే ఉండాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు వంటి పన్ను గుర్తింపు సంఖ్య ఇవ్వకపోతే, సంస్థ చెల్లింపులోంచి 24 శాతం మినహాయించి ప్రభుత్వానికి జమచేయవలసి వస్తుంది. సొంత నంబరు బదులు వ్యాపార గుర్తింపు సంఖ్య, అంటే ఈఐఎన్, వాడదలచినవారు దానిని ఐఆర్ఎస్ వెబ్‌సైటులో ఉచితంగానే పొందవచ్చు. దీనికోసం రుసుము అడిగే మధ్యవర్తులకు డబ్బు ఇవ్వవద్దు.

డబ్ల్యూ-9 అమెరికా పౌరులకు, పన్ను చట్టం ప్రకారం అక్కడి నివాసులైనవారికి మాత్రమే. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి అమెరికా సంస్థకు సొంతంగా పనిచేసే భారతీయులు సాధారణంగా ఇవ్వవలసినది, తాము విదేశీయులమని తెలిపే ఫారం డబ్ల్యూ-8బెన్. హెచ్-1బి వీసాపై ఉన్నవారు, తమకు వీసా ఇప్పించిన యజమానికి తప్ప బయట ఇలాంటి పనులు చేయరాదని గుర్తుంచుకోవాలి.

చెల్లించిన సొమ్ము వివరాలతో సంస్థ నుంచి ఫారం 1099-ఎన్ఈసీ మరుసటి ఏడాది జనవరి 31 నాటికి అందాలి. సంస్థ ఈ ఫారం ఇవ్వవలసిన కనీస చెల్లింపు 2025 వరకు ఏడాదికి 600 డాలర్లు. 2026 నుంచి 2,000 డాలర్లు. ఈ ఫారం రాకపోయినా ఆదాయం చూపించి తీరాలి.

రిటర్నులో ఆదాయాన్ని, ఖర్చులను దానికి జతచేసే షెడ్యూల్ సి అనే పత్రంలో రాయాలి. నికరంగా 400 డాలర్లు లేదా అంతకు మించి మిగిలితే స్వయం ఉపాధి పన్నును లెక్కగట్టే షెడ్యూల్ ఎస్ఈ కూడా తప్పదు. ఉదాహరణకు ఖర్చులు పోను 10,000 డాలర్లు మిగిలితే, అందులో 92.35 శాతమైన 9,235 డాలర్లపై 15.3 శాతం చొప్పున సుమారు 1,413 డాలర్ల స్వయం ఉపాధి పన్ను పడుతుంది. ఆదాయపు పన్ను దీనికి అదనం. అయితే ఆదాయపు పన్ను లెక్కించేటప్పుడు ఈ 1,413లో సగాన్ని ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు.

ఎక్కువమంది ఇబ్బందిపడేది వాయిదాల దగ్గరే. ఏడాదికి 1,000 డాలర్లు లేదా అంతకు మించి పన్ను బాకీ పడుతుందనుకుంటే, రిటర్ను గడువు దాకా ఆగకుండా ఫారం 1040-ఈఎస్ లెక్క ప్రకారం ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబరు 15, మరుసటి జనవరి 15 తేదీల్లో చెల్లించాలి. రెండో వాయిదా మొదటిదాని తర్వాత రెండు నెలలకే వస్తుంది కనుక, డబ్బు అందిన రోజునే పన్ను భాగాన్ని వేరే ఖాతాలో పెట్టడం మేలు. ఈ ఏడాది పన్నులో 90 శాతం గాని, నిరుటి పన్ను మొత్తం గాని వేళకు కట్టినవారికి సాధారణంగా జరిమానా ఉండదు. నిరుటి ఆదాయం 1,50,000 డాలర్లు దాటినవారికి నిరుటి పన్నులో 110 శాతం వర్తిస్తుంది. ఐఆర్ఎస్ వారి ఆన్‌లైన్ చెల్లింపు సేవ డైరెక్ట్ పే ద్వారా జనవరి వాయిదా చెల్లించేటప్పుడు, పన్ను సంవత్సరం దగ్గర అప్పుడే మొదలైన ఏడాదిని కాక, ముగిసిన ఏడాదినే ఎంచుకోవాలి.