పాత బండి, పాత ఇనుము: తూకానికి ఇచ్చే ముందు చూసుకోవలసినవి

2019 ఆరంభంలో ఆంధ్రప్రదేశ్ అంతటికీ కలిపి ఏపీ 39 అనే ఒకే నంబర్ల వరస మొదలైంది కనుక, కృష్ణా జిల్లా ఏపీ 16తోనో గుంటూరు ఏపీ 07తోనో మొదలయ్యే నంబరు కనిపిస్తే ఆ బండి అంతకు ముందుదేనని అర్థం. వీటిలో చాలావాటికి ఆర్‌సీ మీద రాసి ఉన్న 15 ఏళ్ల గడువు తీరిపోయింది, మిగిలినవాటికి తీరబోతోంది. అపార్ట్‌మెంటు సెల్లార్లలో, పెరటి రేకుల షెడ్లలో దుమ్ము పట్టి నిలిచిపోయిన ఇటువంటి స్కూటర్లను, కార్లను వదిలించుకోవాలనుకునేవారు సాధారణంగా వేసే మొదటి ప్రశ్న కిలో ఎంత అని. ఆ ప్రశ్న రెండోది కావాలి. బండి అమ్మినప్పుడు ఇనుము ఒక్కటే చేతులు మారదు. దానితోపాటు రవాణా శాఖ రికార్డులో యజమాని పేరున ఉన్న ఒక నంబరు కూడా ఉంటుంది. ఇనుము వెళ్లిపోయి నంబరు మాత్రం పేరు మీద మిగిలిపోతే, వచ్చిన డబ్బు కన్నా తరువాతి తలనొప్పి ఎక్కువ.

ముందుగా ఒక అపోహ తీర్చుకోవాలి. 15 ఏళ్లు నిండిన బండిని తప్పనిసరిగా తుక్కు చేయాలన్న నియమం మన రాష్ట్రంలో సొంత వాహనాలకు లేదు. డీజిల్‌కు 10 ఏళ్లు, పెట్రోలుకు 15 ఏళ్లు అన్న లెక్క ఢిల్లీ పరిసర ప్రాంతానికి సంబంధించినది. దాన్ని చూపించి భయపెట్టి తక్కువ ధరకు అడిగే బేరగాళ్లు ఇక్కడా ఉన్నారు. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే రిజిస్ట్రేషన్‌ను మరో 5 ఏళ్లకు పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఆ పునరుద్ధరణ రుసుము ద్విచక్ర వాహనానికి 1,000 రూపాయలు, కారుకు 5,000 రూపాయలు కాగా, 20 ఏళ్లు దాటినవాటికి 2025లో దాన్ని రెట్టింపు చేశారు. బండి నడుస్తూ, ఇంజను బాగుంటే, మరమ్మతు ఖర్చు, ఈ రుసుము, గ్రీన్ ట్యాక్స్ కలిపి చూసుకుని, అవసరమైతే సెకండ్ హ్యాండ్‌లో పేరు మార్పుతో సహా అమ్ముకోవడమే మేలు. తుక్కు ధర ఎప్పుడూ నడిచే బండి ధరను అందుకోదు.

ఇక నడవని బండికి రెండు దారులున్నాయి. ఒకటి, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనూ గుంటూరు ఆటోనగర్‌లోనూ బండ్లను విప్పి భాగాలు అమ్మే దుకాణాలు. రెండోది, కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం రిజిస్టరైన వాహన స్క్రాపింగ్ కేంద్రం. మొదటి దారిలో డబ్బు వెంటనే చేతిలో పడుతుంది, గిరాకీ ఉన్న మోడల్ అయితే గేర్‌బాక్సుకూ తలుపులకూ విడిగా విలువ కడతారు కనుక ధర కొంత ఎక్కువ పలకవచ్చు కూడా. అయితే ఆ దుకాణదారుడు ఇచ్చే చీటీ వల్ల రిజిస్ట్రేషన్ రద్దు కాదు. రెండో దారిలో వాహన డిపాజిట్ ధ్రువపత్రం, తరువాత స్క్రాపింగ్ ధ్రువపత్రం వస్తాయి, రద్దు ప్రక్రియ వాటి ఆధారంగా నడుస్తుంది. ధరలో కొంత తేడా ఉన్నా రెండో దారినే ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం.

ఎందుకంటే చట్టం పేరునే చూస్తుంది. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం, బండి నాశనమైనా శాశ్వతంగా పనికిరాకుండా పోయినా 14 రోజుల్లోగా యజమాని రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి ఆర్‌సీని అప్పగించాలి. పేరు మారకుండా చేతులు మారిన బండి ప్రమాదం చేస్తే, రికార్డులో ఎవరి పేరుంటే వారే పరిహారానికి బాధ్యులని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తుక్కుకు ఇచ్చిన బండి రోడ్డెక్కదు కదా అనుకోవడం పొరపాటు. ఎత్తుకొచ్చిన బండికి పాత బండి ఛాసిస్ ప్లేటును, నంబరును, అసలు ఆర్‌సీని తగిలించి తిప్పే మోసాలకు ఇటువంటి అమ్మకాలే ముడిసరుకు. అందుకే రిజిస్టరైన కేంద్రం ఛాసిస్ నంబరున్న ముక్కను కోసి, స్క్రాపింగ్ ధ్రువపత్రం ఇచ్చిన తేదీ నుంచి 6 నెలల పాటు భద్రపరచాలన్న నిబంధన పెట్టారు. ఏ కారణం చేతనైనా మామూలు దుకాణానికే ఇవ్వవలసి వస్తే, ముందు రవాణా కార్యాలయంలో రద్దుకు దరఖాస్తు పెట్టి, ఆ రసీదు చేతిలో ఉన్నాకనే బండిని కదలనివ్వాలి. అసలు ఆర్‌సీని మాత్రం కొన్నవాడి చేతికి ఇవ్వకూడదు.

రిజిస్టరైన కేంద్రాల జాబితా, దరఖాస్తు రెండూ కేంద్ర రవాణా శాఖకు చెందిన వీ-స్క్రాప్ పోర్టల్‌లో ఉంటాయి. మీ బండి ఏ రాష్ట్రంలో రిజిస్టరైనా, ఏ రాష్ట్రంలోని కేంద్రానికైనా ఇవ్వవచ్చు. దరఖాస్తు చేసే ముందు బండి మీద ఉన్న చిక్కులన్నీ విప్పుకోవాలి, ఎందుకంటే స్క్రాపింగ్ కేంద్రం వారు వాహన్ అనే బండ్ల రిజిస్ట్రేషన్ రికార్డును, దొంగ బండ్ల జాబితాను చూశాకనే తీసుకుంటారు. అప్పు తీరిపోయి పదేళ్లయినా ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉండిపోయిన బండ్లు కోకొల్లలు. ఆ కంపెనీ నుంచి నిరభ్యంతర పత్రం, ఫారం 35 తెచ్చి ముందు ఆ పేరు తీయించాలి. చెల్లించని చలానాలు, పన్ను బకాయిలు కూడా అంతే. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాదులో కొన్న ఏపీ 09, ఏపీ 28 వంటి నంబర్ల బండ్ల రికార్డు తెలంగాణ రవాణా శాఖ పరిధిలోకి వెళ్లింది కనుక, బకాయిల సంగతి అక్కడే తేల్చుకోవాలి.

బండి నాన్నగారి పేరునో తాతగారి పేరునో ఉండి వారు కాలం చేసి ఉంటే, మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి జతచేసి, ఫారం 31 ద్వారా ముందు ఒకరి పేరుకు మార్చుకోవాలి. ఈ పనికి కొన్ని వారాలు పట్టవచ్చు. బేరం కుదిరాక మొదలుపెడితే ఆ బేరం నిలవదు.

ధర విషయానికి వస్తే, యజమాని చేతిలో ఉన్న ఆయుధం ఆర్‌సీలోనే ఉంది. అందులో ముద్రించి ఉండే ఖాళీ బండి బరువును చూసి, ఆ వారం ఇనుము ధరతో మీరే గుణించుకోవచ్చు. ఉదాహరణకు మారుతి 800 ఖాళీ బరువు సుమారు 650 కిలోలు. కారు బరువులో ఇనుము, ఉక్కు సుమారు మూడింట రెండు వంతులు ఉంటాయి, మిగిలినది అల్యూమినియం, రాగి, ప్లాస్టిక్కు, అద్దం, రబ్బరు. లెక్క సులువు కోసం కిలో ఇనుము 30 రూపాయలనుకుంటే, ఇనుము ఒక్కటే 13,000 రూపాయల వరకు వస్తుంది. బండి మొత్తానికి 8,000 అన్నవాడితో ఎక్కడ మొదలుపెట్టాలో దీన్ని బట్టి తెలుస్తుంది. 2021లో విధానాన్ని ప్రకటించినప్పుడు, తుక్కు విలువ అటువంటి కొత్త బండి షోరూమ్ ధరలో 4 నుంచి 6 శాతం ఉండవచ్చని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. అదీ ఒక కొలబద్దే.

బేరంలో ఎవరూ నోరెత్తని వస్తువు ఒకటుంది. పొగగొట్టం మార్గంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా అది. అందులో కొద్ది మోతాదులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కనుక, దాన్ని ఇనుము ధరకు ఇస్తే నష్టపోయినట్టే. ఆ డబ్బా ఉందా, దాని విలువ కలిపారా అని అడిగితే చాలు, ఎదుటివారి లెక్క మారుతుంది. బ్యాటరీ, అల్లాయ్ చక్రాలు, పాత బండ్లలోని రాగి-ఇత్తడి రేడియేటరు కూడా విడిగా ధర పలికేవే. వీటిని ముందే విప్పి అమ్ముకుంటే స్క్రాపింగ్ కేంద్రం వారు విలువ తగ్గిస్తారు కనుక, బండిని సంపూర్ణంగా ఉంచి వాటిని చూపించి బేరమాడడమే మంచిది. డబ్బు బ్యాంకు ఖాతాలోకి తీసుకోండి.

కొత్త బండి కొనే ఆలోచన ఉన్నవారికి డిపాజిట్ ధ్రువపత్రం వల్ల మరో లాభం ఉంది. కేంద్ర నిబంధనలు సొంత వాహనానికి గరిష్ఠంగా 25 శాతం, రవాణా వాహనానికి 15 శాతం వరకు పన్ను రాయితీకి వీలిచ్చాయి, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు కూడా ఉంది. ఆ పత్రాన్ని కొత్త బండికి జీవిత పన్ను కట్టకముందే డీలరుకు చూపించాలి, కట్టాక చూపిస్తే ఉపయోగం లేదు. కొనే ఆలోచన లేనివారు ఆ పత్రాన్ని మరొకరికి బదిలీ చేయవచ్చు.

బండి అప్పగించే రోజున ఫాస్టాగ్‌ను చించి, బ్యాంకులో ఆ ఫాస్టాగ్ ఖాతాను మూయించాలి. లేకపోతే ఆ స్టిక్కరు మరో బండి అద్దం మీదికి చేరి, కాజ టోల్‌గేటు దగ్గర మీ ఖాతాలోంచి డబ్బు కోత పడుతుంది. బీమా కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ పత్రం తీసుకుంటే, 3 ఏళ్లలోగా కొనే కొత్త బండికి వాడుకోవచ్చు.

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు వరదకు సింగ్‌నగర్ పరిసరాల్లో మునిగిన బండ్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ దాన్ని పూర్తి నష్టంగా పరిగణిస్తుంది. అటువంటప్పుడు శిథిలం విలువ మినహాయించి డబ్బు ఇచ్చి, బండిని యజమానికే వదిలేయడం, దాన్ని ఎవరో వేలంలో వచ్చి తీసుకుపోవడం జరుగుతూ ఉంటుంది. ఆర్‌సీ రద్దు కాకుండా ఆ బండిని పంపితే, మరమ్మతు చేసి ఎక్కడో అమ్మినా రికార్డులో మీ పేరే ఉంటుంది. ఇప్పటికే అలా పంపినవారు వాహన్ రికార్డులో నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ స్థితి చూసుకోవాలి.

ఇంట్లో, షెడ్డులో పేరుకున్న విడి లోహాల అమ్మకంలో పేరు సమస్య లేదు, అక్కడంతా వేరుచేయడంలోనే ఉంది. అన్నీ కలిపి గోనెలో పోసి ఇస్తే, గోనె మొత్తానికి అందులోని అతి చవక లోహం ధరే కడతారు. ఒక చిన్న అయస్కాంతం, ఒక ఆకురాయి ఉంటే సగం పని అయినట్టే. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము. అందులోనూ రేకు ఒక ధర, దళసరి ఇనుము ఒక ధర, బీడు ఒక ధర. అంటుకోనిదాన్ని ఆకురాయితో గీకి చూడాలి. పైకి స్టీలులా మెరిసే పాత కుళాయి లోపల పసుపు కనబడితే అది ఇత్తడి. ఎర్రటి పూత ఉన్న మోటారు తీగను గీకినప్పుడు తెల్లగా తేలితే అది రాగి కాదు, అల్యూమినియం. స్టీలు గిన్నెల్లో కొన్ని అయస్కాంతానికి అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు, రెంటినీ విడిగా చూపించాలి. ఇత్తడి బిందెలు, గంగాళాలు చెక్కుచెదరకుండా ఉంటే, తుక్కు కొట్టు కన్నా పాత్రల కొట్లలో మార్పిడికి అడిగి చూడడం లాభం.

కరెంటు తీగలను తగలబెట్టి రాగి తీసే పద్ధతిని మానాలి. ఆ తొడుగు ప్లాస్టిక్కు కాలితే విషవాయువులు వస్తాయి, పైగా నల్లబడిన రాగికి ధర తగ్గిస్తారు. బ్లేడుతో ఒలిచిన తీగకే మంచి ధర. పాత ఇన్వర్టరు బ్యాటరీలో యాసిడ్ పారబోసి సీసం అమ్మేవారు మురుగు కాలువను పాడుచేసుకుంటున్నారు. కొత్త బ్యాటరీ కొనేచోట మార్పిడికి ఇస్తే, పాతదాని విలువను కొత్తదాని ధరలో తగ్గించే ఇస్తారు.

తూకం దగ్గర నిలబడాలి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు, కొలతల శాఖ ఏడాదికోసారి ముద్ర వేస్తుంది, ఆ తేదీ చూడండి. ఏమీ పెట్టకముందు సున్నా చూపుతోందో లేదో గమనించి, ఇంట్లో తూచి ఉంచుకున్న 5 కిలోల బియ్యం సంచి వంటిది ఒకటి పెట్టి పరీక్షించవచ్చు. ఆటోనిండా సరుకున్నప్పుడు వేబ్రిడ్జి మీద నిండు బరువు, ఖాళీ బరువు రెండూ తీయించి, రెండుసార్లూ డ్రైవరు బండిలో ఉన్నాడో దిగాడో ఒకేలా ఉండేట్టు చూసుకోవాలి. మట్టి, తుప్పు పేరున తీసే తరుగును తూకానికి ముందే మాట్లాడుకోవాలి.

కొన్ని వస్తువులు అసలు అమ్మకూడదు. గృహావసరాల గ్యాస్ సిలిండరు ఆయిల్ కంపెనీ ఆస్తి, మనం కట్టినది డిపాజిట్ మాత్రమే. విజయవాడ రైల్వే జంక్షన్ ఉన్న ఊరు కనుక రైలు పట్టా ముక్కలు, ఫిష్‌ప్లేట్లు పాత ఇళ్లలో అక్కడక్కడా కనిపిస్తూ ఉంటాయి. 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం ప్రకారం వాటిని ఉంచుకున్నవారూ కొన్నవారూ కేసులో ఇరుక్కుంటారు. మూత బిగించి ఉన్న డబ్బాలు, పాత షాక్ అబ్జార్బర్లు తుక్కులో కలిస్తే కోసేటప్పుడో కొలిమిలోనో పేలవచ్చు కనుక, వాటిని విడిగా చూపించి చెప్పాలి.

లేత్ పనులు, బాడీ బిల్డింగ్ షెడ్లు నడిపేవారికి ఒక పన్ను సంగతి. 2024 అక్టోబరు 10 నుంచి, జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ లేని వ్యాపారి నుంచి రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి లోహపు తుక్కు కొంటే, ఆ పన్నును కొనేవారే రివర్స్ ఛార్జ్ కింద కట్టాలి. కనుక జీఎస్‌టీ పేరు చెప్పి మీ ధరలో కోత పెడితే, బిల్లు చూపించమని అడగండి.